ఆటోలో ఉందిగా సర్

పోయిన నెల మా సిమెంటు ఫ్యాక్టరీలో ఒక సి షిఫ్ట్‌లో, తెల్లవారుజామున మూడున్నరప్పుడు, మా ట్రైనీ అమ్మాయిని అడిగాను: "కాల్సైనర్‌కి బొగ్గు ఎందుకు పెరుగుతోంది తల్లీ?"

స్క్రీన్ మీద టెంపరేచర్ గీత సెట్‌పాయింట్ గీతను, అంటే ఎంత ఉండాలని మేం పెట్టామో ఆ గీతను, అంటుకునే పోతోంది. 880 డిగ్రీలు ఉండాలి, 880 ఉంది. ఆ అమ్మాయి ఒకసారి చూసి, "ఆటోలో ఉందిగా సర్, అదే చూసుకుంటది" అంది. ఆటో అంటే మనిషి చెయ్యి పెట్టకుండా మెషీనే సర్దుకునే పద్ధతి.

ఆ అమ్మాయిది కోదాడ. కెమికల్ ఇంజనీరింగ్ చదివింది. చురుకైన పిల్ల. మా సిస్టమ్‌లో నేను ఆర్నెల్లు తిప్పలు పడి నేర్చుకున్న పేజీలన్నీ పది రోజుల్లో పట్టేసింది. అందుకే ఆ మాట వింటే కోపం రాలేదు, దిగులేసింది. ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పే ముందు మా పని గురించి కొంచెం చెప్పాలి.

నేను కృష్ణ ఒడ్డున ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కంట్రోల్ రూమ్‌లో పనిచేస్తాను. హుజూర్‌నగర్, మేళ్లచెరువు, జగ్గయ్యపేట, దాచేపల్లి, ఈ చుట్టుపక్కల నేల కింద అంతా సున్నపురాయే. అందుకే ఏటికి రెండు వైపులా ఇన్ని పొగగొట్టాలు. ఫ్యాక్టరీకి ప్రాణం కిల్న్. నాలుగు మీటర్ల వెడల్పు, అరవై మీటర్లకు పైగా పొడవు ఉన్న ఇనుప గొట్టం. లోపల వేడికి తట్టుకునే ఇటుకలు పేర్చి ఉంటాయి. దాన్ని కాస్త ఏటవాలుగా పడుకోబెట్టి నిమిషానికి నాలుగు చుట్లు తిప్పుతాం. పై కొస నుంచి రాయిపొడి దిగుతుంది, కింది కొస నుంచి మంట ఊదుతాం. మంట దగ్గరికి వచ్చేసరికి ఆ పొడి 1450 డిగ్రీల దాకా వేడెక్కి, కొంత కరిగి, ఉండలు కట్టి, క్లింకర్ అయి కూలర్‌లో పడుతుంది. ఆ క్లింకర్‌ను జిప్సంతో కలిపి మెత్తగా నూరితే మీ ఇంటి గోడలోని సిమెంటు.

కిల్న్‌లోకి రాకముందే ఆ పొడి ప్రీహీటర్ టవర్‌లో సైక్లోన్‌లనే గరాటులాంటి గదుల్లో ఒకదాని నుంచి ఇంకోదాంట్లోకి పడుతూ, కింది నుంచి వచ్చే వేడి గాలితో కాగుతుంది. ఆ టవర్ అడుగునే కాల్సైనర్. సున్నపురాయిలోని కార్బన్ డయాక్సైడ్ చాలావరకు అక్కడే విడిపోతుంది. మేం కాల్చే బొగ్గులో సగానికి పైగా అక్కడే పోస్తాం.

నేను 1998లో చేరాను. అప్పుడు మాది పాత కిల్న్. ప్యానెల్ కూడా బర్నర్ ఫ్లోర్ మీదే ఉండేది. మంటను చూసుకునే మనిషినీ బర్నర్ అనే పిలుస్తారు. మా బర్నర్‌ది పల్నాడు. ఏడో తరగతితో చదువు ఆపేశాడు. ఆఫీసర్లతో సహా అందరూ ఆయన్ని బాబాయ్ అనేవాళ్లు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక నీలం అద్దం ముక్క ఉండేది. కోబాల్ట్ గాజు. మామూలు కంటితో ఆ మంట వంక చూస్తే కళ్లు పోతాయి. నీలం అద్దం పెట్టుకుంటే ఆ వెలుగు అణిగి, లోపల ఏది ఎక్కడుందో విడిగా కనిపిస్తుంది.

షిఫ్ట్‌కి రాగానే నేను ప్యానెల్ దగ్గరికి పోబోతే బాబాయ్ భుజం పట్టి ఆపేవాడు. "మీటరు ఎక్కడికీ పోదులేరా అబ్బాయ్. ముందు లోపల ఏముందో చూసిరా."

ఏం చూడాలో ఒక్కరోజులో చెప్పలేదు, రెండేళ్లు చెప్పాడు. కిల్న్ తిరుగుతుంటే మెటీరియల్ గోడ వెంట ఎంత ఎత్తుకు ఎక్కుతోంది? పచ్చిగా ఉంటే ఇసకలా కిందనే జారిపోతుంది. కాలితే జిగురు పట్టి పైకి ఎక్కి, అక్కడి నుంచి విరిగి పడుతుంది. మంట కింద నల్లటి నీడ ఎక్కడుంది? ఆ నీడ ఇంకా కాలని మెటీరియల్. అది మనవైపు జరుగుతోందంటే కిల్న్ చల్లబడుతోందని అర్థం. ఇంకో అరగంటలో పచ్చి సరుకు కూలర్‌లోకి వచ్చి పడుతుంది. కూలర్ దగ్గర క్లింకర్ ఉండ ఒకటి తీయించి, సుత్తితో పగలగొట్టి లోపలి రంగు చూసేవాడు. లోపల గోధుమరంగు ఉంటే, "గాలి చాలట్లేదురా, ఊపిరాడట్లేదు దానికి" అనేవాడు. ల్యాబ్‌లో ఫ్రీ లైమ్, అంటే కలవకుండా మిగిలిన సున్నం, రిపోర్టు గంటకో రెండు గంటలకో వచ్చేది. బాబాయ్ దానికంటే ముందే చెప్పేవాడు. చాలాసార్లు సరిపోయేది.

ఇప్పుడు స్క్రీన్ మీద అందరం మొదట చూసేది కిల్న్ ఆంప్స్, అంటే దాన్ని తిప్పే మోటారు ఎంత కరెంటు లాగుతోందన్నది. ఆంప్స్ అంటే ఏమిటో నాకు అర్థమైంది కూడా బాబాయ్‌తో మంటను చూసిన ఆ కన్నం దగ్గరే. మెటీరియల్ బాగా కాలితే జిగురై గోడ పైకి ఎక్కువ ఎక్కుతుంది. ఆ బరువును పైకి ఎత్తాలి కాబట్టి మోటారు ఎక్కువ లాగుతుంది. బాబాయ్ కంటితో చూసిందాన్నే మోటారు ఒక అంకెగా చెబుతోంది. కానీ లోపల మెటీరియల్ గోడ చుట్టూ గట్టిపడి రింగ్ కట్టినా ఆంప్స్ పెరుగుతాయి. ఇటుకలకు అంటుకున్న కోటింగ్ ఒక పక్క ఊడిపడితే గీత అటూ ఇటూ ఊగుతుంది. అంకె ఒక్కటే, దాని వెనక కారణాలు మూడు నాలుగు. నీలం అద్దంలోంచి చూస్తే ఆ కారణం ఏదో తెలిసేది.

2011లో కొత్త కిల్న్ వచ్చింది. దాంతోపాటు ఏసీ కంట్రోల్ రూమ్, వరసగా స్క్రీన్లు, తర్వాతి ఏడాదికల్లా ఎక్స్‌పర్ట్ సిస్టమ్ అనే సాఫ్ట్‌వేరు. మనిషి బదులు అదే బొగ్గు, ఫీడ్ (లోపలికి పోసే రాయిపొడి), ఫ్యాను, కిల్న్ స్పీడు సరిచేస్తుంది. దాన్ని అమర్చడానికి వచ్చిన ఇంజనీరు మూడు వారాలు బాబాయ్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బాబాయ్‌కి రిటైర్మెంట్ ముందు ఆఖరి సంవత్సరం అది. "ఆంప్స్ ఎంత పడితే బొగ్గు ఎంత పెంచుతారు?" అని ఇంజనీరు అడిగాడు. బాబాయ్ ఆలోచించి, "కాస్త పడితే కాస్త పెంచుతా. బాగా పడితే బాగా పెంచుతా. కానీ ఆక్సిజన్ తక్కువగా ఉంటే బొగ్గు ముట్టుకోను, ఫీడ్ తగ్గిస్తా" అన్నాడు. ఇది ఇంజనీరింగ్ జవాబు కాదేమోనని నేను మొహమాటపడ్డాను. ఆ ఇంజనీరు మాత్రం ఒక్క మాట పోనివ్వకుండా రాసుకున్నాడు.

ఎందుకు రాసుకున్నాడో చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. "కాస్త", "బాగా", "మరీ" అనే మాటలతో లెక్క కట్టే పద్ధతి ఒకటుంది, ఫజీ లాజిక్. దాన్ని 1965లో అమెరికాలో లోత్ఫీ జాదే అనే ప్రొఫెసర్ మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీల్లో అది నిలదొక్కుకున్న తొలి చోట్లలో ఒకటి సిమెంటు కిల్న్. డెన్మార్క్‌లో హోంబ్లాడ్, ఓస్టర్‌గార్డ్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1970ల చివర్లో ఆ పద్ధతితో కిల్న్ నడిపి చూశారు, 1982లో ఆ పని గురించి ప్రచురించారు. వాళ్లు నియమాలు తీసుకున్నది కిల్న్ ఆపరేటర్లకు పని నేర్పడానికి రాసిన పాఠాల నుంచి. అంటే నీలం అద్దం పెట్టుకుని మంట వంక చూసిన మనుషుల తెలివే మెషీన్‌లోకి నియమాలుగా వెళ్లింది. ఇది చదివిన రోజు బాబాయ్‌కి ఫోన్ చేసి చెప్పాను. "అయితే నా మాటలు ఇంకా డ్యూటీ చేస్తున్నాయన్నమాట" అన్నాడు. ఆయన గొంతులో సంతోషం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మెషీన్‌ను తక్కువ చేయడానికి ఇదంతా రాయడం లేదు. కిల్న్ నిలకడగా ఉన్నప్పుడు ఆ సిస్టమ్ నాకంటే బాగా నడుపుతుంది. దానికి నిద్ర రాదు, ఇంట్లో గొడవ గుర్తుకు రాదు. నేను పది నిమిషాలకోసారి చేసే సర్దుబాటును అది నిమిషానికోసారి చిన్న చిన్న అడుగులుగా చేస్తుంది. బొగ్గు ఆదా అవుతుంది. మే నెలలో బర్నర్ ఫ్లోర్ మీద ఎనిమిది గంటలు నిలబడ్డవాడికి ఈ ఏసీ గది విలువ వేరే చెప్పనక్కర్లేదు. బాబాయ్ మోచేతుల మీద వెంట్రుక ఉండేది కాదు.

సరే, ఆ రాత్రి సంగతి.

ఫీడ్ మారలేదు. బొగ్గు క్వాలిటీ మారినట్టు ల్యాబ్ చెప్పలేదు. టెంపరేచర్ 880 దగ్గర కదలకుండా ఉంది. కానీ రెండు గంటలుగా బొగ్గు మెల్లగా ఎక్కుతోంది. ఈ ఫీడ్‌కి ఇంత బొగ్గు అనే అంకె నాకు మనసులో ఉంటుంది, ఇంట్లో వంట చేసేవాళ్లకు బియ్యానికి ఎసరు తెలిసినట్టు. అది దాటిపోయింది. మిగతా పేజీలు తెరిచాం. ఆక్సిజన్ తగ్గుతోంది. బొగ్గు సరిగా కాలకపోతే వచ్చే సీఓ (కార్బన్ మోనాక్సైడ్) లేస్తోంది. అడుగు సైక్లోన్ టెంపరేచర్ పైకి పోతోంది. చుట్టుపక్కల ఉన్నవన్నీ వేడి పెరిగిందంటుంటే, కాల్సైనర్ వేడిని కొలిచే థర్మోకపుల్ ఒక్కటే నేను 880లోనే ఉన్నానంటోంది.

టెంపరేచర్ చూసి బొగ్గును దానంతటదే సర్దే ఏర్పాటును లూప్ అంటాం. ఆ లూప్‌ని మాన్యువల్‌లో, అంటే నా చేతికి తీసుకుని బొగ్గు తగ్గించాను. వాకీటాకీలో ఫీల్డ్ వాళ్లను, ఇన్‌స్ట్రుమెంట్ అబ్బాయిని పిలిచాను. అతను టవర్ ఎక్కి థర్మోకపుల్ బయటికి లాగితే, దాని కొసకు పిడికిలంత గడ్డ కట్టుకుని ఉంది. వేడి గాలి కొసకు తగలడం లేదు. అది తక్కువ చూపించబోతుంది, వెంటనే ఆటో బొగ్గు పోసి దాన్ని 880కి తెస్తుంది. ఆ గీత అంత నున్నగా ఉండటానికి కారణం అదే. లోపల అసలు వేడి ఎంత పెరిగిందో చూపించేవాళ్లు లేరు.

ఇంకో గంట అలాగే వదిలేస్తే వేడికి పొడి జిగురెత్తి అడుగు సైక్లోన్ జామ్ అయ్యేది. జామ్ అంటే ఏమిటో చూసినవాళ్లకే తెలుస్తుంది. కిల్న్ ఆపాలి. మనుషులు పైకెక్కి, గాలి పైపులతో పొడుస్తూ గడ్డను విడగొట్టాలి. లోపల ఇరుక్కున్న పొడి 800 డిగ్రీల పైనే ఉంటుంది. కదిలిందంటే నీళ్లలా పారుతుంది, సందు దొరికితే మనిషి మీదకి వస్తుంది.

2016లో మాకు సరిగ్గా ఇదే జరిగింది. ఆ రోజు బొగ్గు పెరగడం ఎవరూ గమనించలేదు. సైక్లోన్ జామ్ అయింది, పదకొండు గంటలు కిల్న్ ఆగింది. పొడుస్తున్న కాంట్రాక్ట్ కుర్రాడికి ముంజేయి కాలింది. రిపోర్టులో "ఆపరేటర్ అజాగ్రత్త" అని రాశారు. ప్యానెల్ మీద ఉన్నది నా స్నేహితుడు. మెమో ఇచ్చారు. అతను ఆ కుర్రాడిని చూడటానికి ఆసుపత్రికి రోజూ వెళ్లేవాడు.

అది అన్యాయమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఎందుకో చెబుతాను. అంతకు ముందు మూడేళ్లుగా పొద్దున మీటింగ్‌లో ఒక అంకె అడిగేవాళ్లు: లూప్‌లు ఎంత శాతం సమయం ఆటోలో ఉన్నాయి? తగ్గితే ఏ షిఫ్ట్‌లో ఎవరు మాన్యువల్ చేశారు, ఎందుకు చేశారు అని నిలదీసేవాళ్లు. ఖరీదు పెట్టి కొన్న సిస్టమ్ వాడుతున్నారో లేదో చూసుకోవడం తప్పు కాదు. కానీ మూడేళ్లు చెయ్యి పెట్టొద్దని చెప్పి, నాలుగో ఏడు ఒక రాత్రి చెయ్యి ఎందుకు పెట్టలేదని అడిగితే ఆ మనిషి ఏం జవాబు చెబుతాడు?

ఒక సేఫ్టీ ట్రైనింగ్‌లో విన్నాను. బ్రిటన్‌లో లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే సైకాలజిస్టు 1983లోనే ఈ సంగతి రాశారట. తేలిక పనులన్నీ మెషీన్‌కి ఇచ్చేస్తే మనిషికి మిగిలేవి మెషీన్‌కి చేతకాని కష్టమైన పనులే. రోజూ చేయని పని చేతికి మరుపొస్తుంది. మరుపొచ్చిన ఆ చేతినే ఆపద వేళ పిలుస్తాం. మా కంట్రోల్ రూమ్‌లో కూర్చుని రాసినట్టే అనిపించింది.

అదే క్లాసులో అలారమ్‌ల గురించీ చెప్పారు. 1994 జులై 24న వేల్స్‌లోని మిల్ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడు జరిగింది. దానికి ముందు ఆఖరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీద 275 అలారమ్‌లు వచ్చిపడ్డాయి. నిమిషానికి ఇరవై అయిదు. ఏది చదవాలి, దేనికి పరిగెత్తాలి? మామూలుగా నడుస్తున్నప్పుడు ఒక ఆపరేటర్‌కి పది నిమిషాలకు ఒక అలారం మించకూడదని ఆ తర్వాత వచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ వారం నేనూ ఒక నైట్ షిఫ్ట్‌లో గీతలు గీసి లెక్కపెట్టాను. నాలుగు వందలు దాటాక ఆపేశాను. వాటిలో సగం ఒకే గేటు సెన్సర్ కొట్టుకుంటున్నందుకు వచ్చినవి. మా వేళ్లు చదవకుండానే వాటిని నొక్కేస్తున్నాయి. మా ఇన్‌స్ట్రుమెంట్ వాళ్లు రెండు నెలలు కూర్చుని ఆ జాబితా కోసేశారు. ఈ మధ్యకాలంలో మా గదికి జరిగిన అన్నిటికంటే పెద్ద మేలు అదే. కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ కొనలేదు.

సెన్సర్ ఎక్కడుంటే అక్కడి సంగతే చెబుతుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఆర్.ఆర్. వెంకటాపురం నిద్రలో ఉండగా పక్కనున్న ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊరి మీద పడింది, 12 మంది పోయారు. ఆ ట్యాంకులో టెంపరేచర్ కొలిచేది అడుగున మాత్రమేనని, పైభాగంలో వేడి ఎంతుందో తెలిసే వీలు లేదని విచారణ కమిటీ రిపోర్టులో ఉంది. చూడని చోట ప్రమాదం పెరిగింది. అక్కడ తప్పులు ఇంకా చాలా ఉన్నాయి. నేను మాత్రం ఆ అడుగున ఉన్న ఒక్క థర్మామీటర్ గురించే చాలా రాత్రులు ఆలోచించాను.

మా దగ్గర ఇంకో మార్పు, ఫోన్లు. కిల్న్ డేటా అంతా పెద్దవాళ్ల ఫోన్లలో కనిపిస్తుంది. అర్ధరాత్రి ఆంప్స్ గీత కాస్త వంగితే చాలు, కంట్రోల్ రూమ్ ఫోన్ మోగుతుంది. కోటింగ్ ఊడిపడిందేమోనని మేం చూసుకుంటున్న ఆ అయిదు నిమిషాలే జవాబులు చెప్పడానికి సరిపోతాయి. కొత్తవాళ్లకైతే ఆ ఫోనంటే ఎంత టెన్షనంటే, కిల్న్‌కి ఏది మంచిదో కాకుండా గీత ఏది చేస్తే నున్నగా కనిపిస్తుందో అది చేయడానికి అలవాటు పడతారు. ఇది నాకు చాలా భయం కలిగించే విషయం. గీత కోసం నడిపిన కిల్న్ ఎప్పుడో ఒకప్పుడు మోసం చేస్తుంది.

ప్యాకింగ్ ప్లాంట్‌లో బస్తాలు మోసే వాళ్ల వేలిముద్రల గురించి కూడా ఒక మాట. సిమెంటు చేతులను తినేస్తుంది, గీతలు అరిగిపోతాయి. అటెండెన్స్ మెషీన్ వాళ్ల వేలిని గుర్తుపట్టదు. పదిసార్లు తుడుచుకుని పెడుతుంటారు, వెనక క్యూ పెరుగుతుంటుంది. ఏ పని చేసినందుకు వేలిముద్ర పోయిందో, ఆ పనికి వచ్చినట్టు రుజువు చేయడానికి ఆ వేలిముద్రే కావాలి. మేం గొడవ చేస్తే కార్డు ఇచ్చారు. ముందే ఒకసారి వాళ్ల చేతులు చూసి ఉంటే ఆ గొడవ అక్కర్లేదు.

ఆ రాత్రి తర్వాత నేను మేనేజర్ గారిని ఒక్కటే అడిగాను. ట్రైనీలకు వారానికి ఒక గంట మాన్యువల్ ఇవ్వండి. కిల్న్ నిలకడగా ఉన్న రోజు, జనరల్ షిఫ్ట్ వేళ, ప్రమాదం వస్తే దానంతటదే ఆపేసే ఇంటర్‌లాక్‌లన్నీ అలాగే ఉంచి, ఒక్క కాల్సైనర్ లూప్ మాత్రం. నేను పక్కనే ఉంటాను. ఆ గంట ఆటో శాతంలో లెక్క కట్టొద్దు. ఆయన రెండు వారాలు ఆలోచించి ఒప్పుకున్నారు. ఒప్పుకున్నందుకు ఆయనకు నా నమస్కారం.

మొదటి గురువారం ఆ అమ్మాయి చేతులు వణికాయి. బొగ్గు కాస్త తగ్గించింది, టెంపరేచర్ కదల్లేదు. ఇంకాస్త తగ్గించింది. అప్పుడు మొదటిసారి తగ్గించింది, రెండోసారి తగ్గించింది కలిసి ఒక్కసారి పడ్డాయి. 866కి పోయింది. పెంచితే 897కి లేచింది. నేను మాట్లాడలేదు, సిస్టమ్ దానంతటదే ఆపేసే ట్రిప్ లిమిట్‌కి దూరంగానే ఉంది. నలభై నిమిషాలకు 875, 885 మధ్య నిలబెట్టింది. "ఇంత లేటుగా వింటదని ట్రెండ్‌లో చూస్తే తెలియలేదు సర్" అంది. నాలుగు నెలలుగా రోజూ చూస్తున్న గీతే అది.

ఇప్పుడు అయిదు గురువారాలయ్యాయి. మాన్యువల్ గంట అయ్యాక కిందికి పంపుతున్నాను, కిల్న్ మంట కొసను మూసి ఉండే హుడ్ దగ్గరికి. అక్కడ కెమెరా ఉంది, మా గదిలో దాని బొమ్మ కనిపిస్తుంది, కానీ దుమ్ము లేస్తే తెల్లగా అయిపోతుంది. హెల్మెట్, ఫేస్ షీల్డ్, అల్యూమినియం కోటు వేయించి, బాబాయ్ నాకిచ్చిన నీలం అద్దం చేతికిచ్చాను. చూసొచ్చి లాగ్‌బుక్‌లో తన మాటల్లో రెండు లైన్లు రాయాలి. స్క్రీన్ చూడకముందే రాయాలి.

మొన్న రాసింది: "మెటీరియల్ బాగా పైకి ఎక్కుతోంది. నీడ లోపలికి పోయింది. కిల్న్ వేడిగా ఉంది. ఆంప్స్ పెరిగి ఉంటాయి."

స్క్రీన్ చూశాం. ఆంప్స్ పెరగలేదు, కాస్త తగ్గాయి కూడా. ఆ అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుని పెన్ను తీసుకుని కొట్టేయబోయింది. ఆగమన్నాను. అది చూసింది నిజమే కావచ్చు, మోటారు చెబుతున్నదీ నిజమే కావచ్చు. లోపల కోటింగ్ ఏమైనా రాలిందా? కిల్న్ ఇనుప గొట్టం బయటి వేడిని చూపించే షెల్ స్కానర్‌లో ఒకచోట వేడి మామూలు కంటే పది పదిహేను డిగ్రీలు ఎక్కువగా ఉన్నట్టుంది, అది కూడా గట్టిగా చెప్పలేని తేడా. నాకూ అర్థం కాలేదు.

ప్యానెల్‌ను పక్క సీటు తమ్ముడికి అప్పజెప్పి, నీలం అద్దం తీసుకుని ఇద్దరం మళ్లీ కిందికి దిగాం.